పొద్దు పొడుపు ఫోటోలు ఏడాదంతా ఒకేలా ఎందుకు రావు

వెదర్ యాప్‌లో సూర్యోదయం 6.05 అని ఉంటే చాలామంది 6 గంటలకు స్పాట్‌కి చేరుకుంటారు. ట్రైపాడ్ బిగించేసరికి ఆకాశం వెలిసిపోయి తెల్లగా ఉంటుంది, ఇవాళ ఏమీ లేదులే అనుకుని సర్దుకుంటారు. నిజానికి ఆ రోజు రంగులు బ్రహ్మాండంగా వచ్చి ఉండొచ్చు, వీళ్లు వచ్చేసరికి అయిపోయాయంతే.

యాప్ చెప్పే టైమ్‌కి అర్థం ఒక్కటే: నేల మీద నిలబడ్డ మనిషికి సూర్యుడి పై అంచు కనబడే క్షణం. మేఘం ఉన్నది నేల మీద కాదు కదా, పైన ఉంది కాబట్టి దానికి సూర్యుడు మనకంటే ముందే కనబడతాడు. 8 కిలోమీటర్ల ఎత్తులో మన నెత్తిన ఉన్న పలచటి సిరస్ మేఘానికి, సూర్యుడు మన దిగ్మండలం (నేలా ఆకాశం కలిసినట్టు కనబడే గీత) కింద ఇంకా 3 డిగ్రీల లోతులో ఉండగానే ఎండ తగిలేస్తుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది, అంటే భూమధ్యరేఖ చుట్టుపక్కల లెక్కేస్తే ఆ మేఘం సూర్యోదయానికి పది పన్నెండు నిమిషాల ముందే ఎరుపెక్కుతుంది, తూర్పు వైపు దూరంగా ఉన్నవి ఇంకా ముందు. అదే కిలోమీటరు ఎత్తులో ఉన్న మేఘానికి అంత ముందు ఉండదు, నాలుగైదు నిమిషాలే. అందుకే రంగు పైనుంచి కిందికి దిగుతుంది: ముందు ఎత్తు మేఘాలు గులాబీ, ఎరుపు అయి, అవి పసుపులోకి పాలిపోతున్నప్పుడు కింది మేఘాలు అందుకుంటాయి. ఆ తర్వాత కాసేపు ఒక ఖాళీ, ఏమీ జరగనట్టు ఉంటుంది, చాలామంది అక్కడే కెమెరా ఆపేస్తారు. తర్వాత నేల మీద నీరెండ పడటం మొదలవుతుంది. ఈ రెండూ వేరువేరు ఫోటోలు, ఒకటి ఆకాశానిది, రెండోది నేలది. రెండూ కావాలంటే కనీసం ముప్పావుగంట ముందు అక్కడ ఉండాలి.

ఇంకో తమాషా ఏంటంటే, సూర్యుడి పై అంచు కనబడ్డప్పుడు లెక్క ప్రకారం సూర్యుడు మొత్తం ఇంకా దిగ్మండలం కిందే ఉంటాడు. గాలి కాంతిని వంచి దాదాపు 34 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) పైకెత్తి చూపిస్తుంది, సూర్యుడి వెడల్పేమో 32 ఆర్క్ నిమిషాలే. కింది అంచు పై అంచు కంటే ఎక్కువ పైకి లేస్తుంది కాబట్టే పెద్ద లెన్స్‌తో తీసిన ఉదయపు సూర్యుడు గుండ్రంగా కాకుండా నొక్కినట్టు కనబడతాడు. లెన్స్ లోపం కాదు అది.

సీజన్ సంగతికి వస్తే, ఆ మాట వినగానే పూలు, రాలే ఆకులు, మంచు గుర్తొస్తాయి. ఫోటో తీసేవాళ్లకి వాటన్నిటికంటే ముందు మారేది సూర్యుడు పొడిచే చోటు. మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతాల్లో, అంటే విషువత్తుల రోజుల్లో, ఏ దేశంలో నిలబడ్డా సూర్యుడు దాదాపు సరిగ్గా తూర్పునే పొడుస్తాడు. అక్కణ్నుంచి జూన్ 21 దాకా ఉత్తరానికి జరుగుతాడు, డిసెంబర్ 21 దాకా దక్షిణానికి. ఎంత జరుగుతాడన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ మీద అటు 23.4 డిగ్రీలు, ఇటు 23.4 డిగ్రీలు. 40 డిగ్రీల అక్షాంశంలో అటూ ఇటూ 31 చొప్పున. 60 డిగ్రీల దగ్గరికి వెళ్తే 53, అంటే ఏడాది మొత్తం మీద 105 డిగ్రీల వెడల్పున తిరుగుతాడు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 24 ఎంఎం లెన్స్ పెడితే అడ్డంగా పట్టేది 74 డిగ్రీలే, అంత వైడ్ లెన్స్‌లో కూడా ఆ చోట్లు అన్నీ ఒక్క ఫ్రేమ్‌లో పట్టవు. డిసెంబర్‌లో చెరువు మీదుగా పొడిచే సూర్యుడు జూన్‌లో పక్కనున్న గుట్ట వెనకనుంచి వస్తాడు, గుట్ట నెత్తిన కనబడేసరికి ఎర్రదనం ఎప్పుడో పోయి ఉంటుంది. 'ఈ స్పాట్ ఏం బాగోలేదు' అని కొట్టిపారేసిన చోట్లలో చాలావాటికి అసలు సమస్య తప్పుడు నెలలో వెళ్లడమే.

ఈ జరగడం కూడా ఒకే వేగంతో ఉండదు. విషువత్తుల దగ్గర సూర్యుడు రోజుకి దాదాపు తన వెడల్పంత పక్కకి జరుగుతాడు, అయనాంతాల దగ్గర, అంటే జూన్ 21, డిసెంబర్ 21 ప్రాంతాల్లో, అటు పది రోజులు ఇటు పది రోజులు ఉన్నచోటే ఉన్నట్టుంటాడు. రెండు కొండల మధ్య సందులోంచి, ఒంటరి చెట్టు వెనకనుంచి సూర్యుడు సరిగ్గా రావాలనుకునేవాళ్లకి ఇది ముఖ్యం. ఆ వరస మార్చిలో కుదిరితే దొరికేది ఒకటో రెండో ఉదయాలు, ఆరోజు మబ్బు పట్టిందా, అంతే సంగతి. డిసెంబర్‌లోనో జూన్‌లోనో కుదిరితే రెండు మూడు వారాల గడువు ఉంటుంది. తప్పిపోయినా మరీ బాధపడక్కర్లేదు, అయనాంతాలు తప్ప ప్రతి దిక్కూ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఫిబ్రవరి 19న సూర్యుడు ఎక్కడ పొడిచాడో అక్టోబర్ 22 ప్రాంతంలో మళ్లీ అక్కడే పొడుస్తాడు. కోణం అదే, సీజన్ వేరు. ఒకసారి మోడు చెట్లు, ఇంకోసారి రంగు మారిన ఆకులు. సీజన్లను పోల్చి చూపించాలనుకునేవాళ్లు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ అని సమానంగా పంచుకుంటుంటారు, దానికంటే ఇలాంటి జంట తేదీలు పట్టుకుంటే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే వెలుతురు దిక్కు మారదు కాబట్టి మారినవన్నీ నిజంగా సీజన్ వల్ల మారినవే. ఫోటోపిల్స్, ఫొటోగ్రాఫర్స్ ఎఫిమెరిస్ లాంటి యాప్‌లు ఏ తేదీకి ఏ దిక్కో మ్యాప్ మీద గీత గీసి చూపిస్తాయి.

అన్నట్టు, ఉత్తరార్ధగోళంలో అతి పొడుగు పగలు జూన్ 21న వచ్చినా సూర్యోదయం అన్నిటికంటే తొందరగా అయ్యేది ఆ రోజు కాదు, అంతకు ముందే. అన్నిటికంటే ఆలస్యంగా అయ్యేది కూడా డిసెంబర్ అయనాంతం తర్వాతే, 40 డిగ్రీల అక్షాంశంలో జనవరి మొదటి వారంలో. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా వారాల్లోకి పోతుంది. భూమి అక్షం వంపు, కక్ష్య సరిగ్గా వృత్తం కాకపోవడం, ఈ రెండూ కలిసి చేసే పని ఇది. తెల్లవారుజామున లేవడానికి ఒళ్లు బరువుగా ఉండేవాళ్లకి పనికొచ్చే సమాచారం.

దిక్కు తర్వాత వేగం. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు, అంచు కనబడినప్పటినుంచి పూర్తి బింబం బయటికి రావడానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది, అంతే. 60 డిగ్రీల అక్షాంశంలో విషువత్తు రోజున నాలుగు నిమిషాలకు పైగా, అయనాంతాల దగ్గర ఏడు నిమిషాల దాకా పడుతుంది, ఏటవాలుగా పాకుతూ వస్తాడు మరి. సంధ్య వెలుతురుదీ ఇదే లెక్క. సూర్యుడు 6 డిగ్రీల కిందినుంచి పైకి రావడానికి భూమధ్యరేఖ దగ్గర ఇరవై నిమిషాలు చాలు, 60 డిగ్రీల దగ్గర విషువత్తులో నలభై నిమిషాలు, నడివేసవిలో అయితే అక్కడ రాత్రంతా వెలుతురు పూర్తిగా పోనే పోదు. ఉత్తరాది దేశాల ఫొటోగ్రాఫర్లు గోల్డెన్ అవర్ గురించి, అంటే పొద్దు కిందుగా ఉన్నప్పటి బంగారు వెలుతురు గురించి, రాసిన సలహాలు చదివి ఉష్ణమండలంలో అలాగే చేయబోతే దెబ్బ తినేది ఇక్కడే. వాళ్లు గంట అన్నది ఇక్కడ అరగంట కూడా ఉండదు. ఫ్రేమ్ ముందే కట్టుకోవాలి, ఫోకస్ ముందే చూసుకోవాలి, వెలుతురు వచ్చాక వెతుక్కునే టైమ్ ఉండదు.

ఇక గాలి. రంగుల సంగతంతా గాలిదే. నెత్తిమీద ఉన్న సూర్యుడితో పోలిస్తే దిగ్మండలం దగ్గరి సూర్యుడి కాంతి 38 రెట్లు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువ చెదరగొడతాయి, 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదిరిపోతుంది. అంత దూరం వచ్చేసరికి నీలం దారిలోనే పోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. ఇది స్కూల్లో చదివిందే. తెల్లవారుజామున సూర్యుడు ఇంకా బాగా కింద ఉన్నప్పుడు నెత్తిమీద కనబడే ఆ చిక్కటి నీలం మాత్రం ఈ లెక్కకి లొంగదు. చెదరడం ఒక్కటే అయితే అప్పుడు ఆకాశం పాలిపోయిన పసుపుగా ఉండాలి. పైన ఉన్న ఓజోన్ పొర నారింజ, పసుపు కాంతిని పీల్చేసుకోవడం వల్ల నీలం మిగులుతుందని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో చూపించాడు. అందుకే ఆ వేళ, అంటే బ్లూ అవర్, నీలానికీ మధ్యాహ్నం నీలానికీ పోలిక ఉండదు.

దుమ్ము, పొల్యూషన్ ఉంటే సూర్యోదయాలు బాగుంటాయన్న నమ్మకం ఒకటి గట్టిగా పాతుకుపోయింది. ఎక్కువసార్లు జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. దుమ్ము, పొగ కణాల్లో పెద్దవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి, ఫలితం బూడిదరంగు తెర, దాని వెనక మొహం వాచినట్టు ఉండే ఎర్ర బంతి. ఆ బంతి విడిగా చూస్తే బాగానే ఉంటుంది, లాంగ్ లెన్స్‌తో తీసుకోవచ్చు, కానీ ఆకాశానికి రంగు రాదు, మేఘాలకు రాదు. నిజంగా మినహాయింపు అంటే పెద్ద అగ్నిపర్వతాలు. 1883లో క్రకటోవా, 1991లో పినటుబో పేలినప్పుడు గంధకపు ఆమ్ల బిందువులు మేఘాలకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలోకి చేరి నెలల తరబడి ప్రపంచమంతా సంధ్యలను ఎర్రగా మార్చాయి. మన వీధి చివరి పొగకి అంత సీన్ లేదు.

కాబట్టి వాన పడి గాలి కడిగినట్టయిన మర్నాడు ఉదయం చాలా విలువైనది. ఇక్కడ కూడా ఒక చిక్కుంది. సమశీతోష్ణ ప్రాంతాల్లో వాతావరణం సాధారణంగా పడమర నుంచి తూర్పుకి కదులుతుంది. వాన వెళ్లిపోయిందంటే ఆ మబ్బు తూర్పున కూర్చుని ఉంటుంది, సూర్యుడికి అడ్డంగా. పడమట ఆకాశం విప్పారి ఉన్నా ఉదయం ఎండ రాదు, ఆ రోజు సాయంత్రం అదృష్టం. అక్కడ సూర్యోదయానికి మంచిది వాన రాబోయే ముందు రోజు, పడమర నుంచి ఎత్తు మేఘాలు పాకుతూ వస్తూ తూర్పు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు. ఉదయం ఆకాశం ఎర్రబడితే వాన వస్తుందని అక్కడి గొర్రెలకాపరులు, నావికులు అనుకునేది ఇందుకే. ఉష్ణమండలంలో చాలాచోట్ల గాలులు తూర్పునుంచి వీస్తాయి కాబట్టి ఆ సామెత అలాగే తెచ్చి వాడుకోకూడదు. శాటిలైట్ చిత్రంలో తూర్పు వైపు ఒకటి రెండు వందల కిలోమీటర్ల దూరం ఖాళీ ఉందా, నెత్తిన మేఘం ఉందా అని రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకోవడం ఏ సామెత కంటేనైనా నయం. పూర్తిగా మూసుకున్న ఆకాశం దండగ, పూర్తిగా ఖాళీ ఆకాశమూ రంగు పట్టదు, మేఘం లేకపోతే రంగు పడటానికి చోటేది?

అయితే మేఘం లేని ఉదయాల్లో వెనక్కి తిరగాలి. సూర్యోదయానికి పావుగంట ముందు పడమట దిగ్మండలాన్ని ఆనుకుని నీలి బూడిద రంగు పట్టీ ఒకటి, దానిపైన లేత గులాబీ పట్టీ ఒకటి కనబడతాయి. కింది పట్టీ భూమి నీడ. గాలి మీద పడ్డ భూమి నీడే అది, సూర్యుడు పైకొచ్చేకొద్దీ కిందికి దిగిపోతుంది. పైన గులాబీని వీనస్ బెల్ట్ అంటారు. చలికాలపు తేట గాలిలో ఇది చాలా శుభ్రంగా వస్తుంది. పడమట కొండలుంటే మొదటి ఎండ వాటి శిఖరాల మీదే పడుతుంది, లోయలో ఇంకా చీకటి ఉండగానే. అందరూ తూర్పుకే కెమెరా పెట్టుకుని నిలబడటం వల్ల సూర్యోదయం ఫోటోలన్నీ ఒకే ఫోటోలా తయారయ్యాయి. నిజం చెప్పాలంటే సూర్యుడు ఫ్రేమ్‌లో లేని సూర్యోదయం ఫోటోలే ఎక్కువ కాలం నిలుస్తాయి.

చలికాలం పెద్ద బహుమతి పొగమంచు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడి అందులో తేమ చుక్కలవుతుంది. దానికి కావలసినవి నాలుగు: తేట ఆకాశం, తడి నేల, పొడుగాటి రాత్రి, దాదాపు నిలిచిపోయిన గాలి. అందుకే వాన వెలిసిన తర్వాత వచ్చే మొదటి తేట రాత్రి మీద కన్నేసి ఉంచాలి. వెదర్ యాప్‌లో ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ చుక్కలు కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలకి వచ్చి, గాలి చాలా తక్కువ చూపిస్తే అవకాశం గట్టిగా ఉన్నట్టే. పొద్దు పొడవగానే మంచు పోతుందని అనుకుంటారు గానీ, చాలాసార్లు మొదటి ఎండకి గాలి కొద్దిగా కదిలి మంచు ఇంకా చిక్కబడుతుంది. తెల్లగా ఏమీ కనబడటం లేదని వెళ్లిపోకూడదు, అది పలచబడుతూ చెట్ల మొదళ్లు వదిలి కొమ్మల మధ్య ఎండ గీతలు గీతలుగా దిగే ఆ పదీ ఇరవై నిమిషాల కోసమే వచ్చింది. ఎత్తు దొరికితే మంచుకి పైనుంచి చూడొచ్చు, ఈ రకం మంచు సాధారణంగా పల్లంలోనే పేరుకుంటుంది.

నీటి మీద లేచే ఆవిరి మంచు వేరు. చలి అప్పుడే మొదలై నీళ్లు ఇంకా వెచ్చగా ఉన్న వారాల్లో చల్లటి గాలి నీటిని తాకి పొగలు కక్కుతుంది. సీజన్ ముదిరి నీళ్లు కూడా చల్లబడ్డాయంటే ఇది తగ్గిపోతుంది. అద్దంలాంటి నీళ్లు కావాలన్నా తెల్లవారుజామే టైమ్: రాత్రి చల్లబడ్డ నేలగాలి బరువుగా కింద ఒక పొరలా ఉండిపోయి పై గాలిని కిందికి రానివ్వదు, ఎండెక్కి నేల వేడెక్కగానే ఆ పొర చెదిరి అలలు మొదలవుతాయి. గంట, గంటన్నర తర్వాత వస్తే ప్రతిబింబం ఉండదు.

వేసవి ఉదయాలు చాలామందికి నచ్చవు. గాలిలో మసక ఎక్కువ, వెలుతురు తొందరగా గట్టిపడిపోతుంది, నిద్ర చాలదు. ఆకాశం మీద ఆశ వదిలేసి నేల మీద చూస్తే మేలు. చల్లటి వేళలో తూనీగలు, సీతాకోకచిలుకలు ఒళ్లు వేడెక్కక కదలలేవు, మంచు బిందువులతో అలాగే ఆకు మీద అంటుకుని ఉంటాయి, మాక్రో లెన్స్ ఉన్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి. ఎండ తగిలిన కాసేపటికే ఎగిరిపోతాయి. వేసవి చివర, శరదృతువు మొదట్లో సాలెగూళ్లు పెద్దగా కనబడతాయి, వలలు అల్లే సాలీళ్లు అప్పటికి పూర్తిగా ఎదిగి ఉంటాయి కాబట్టి. వసంతంలో లేత ఆకు పలచగా ఉండి ఎండని లోపలినుంచి దాటనిస్తుంది, ముదిరితే అంత దాటనివ్వదు. ఆకు రంగు చూపించాలంటే ఎండ ఎప్పుడూ ఆకు వెనకనుంచి రావాలి.

కెమెరా సంగతి మరీ సాగదీయక్కర్లేదు గానీ ఒకటి రెండు విషయాల్లో ఫోటోలు అనవసరంగా పాడవుతుంటాయి. మొదటిది ఆటో వైట్ బ్యాలెన్స్, కెమెరా తనంతట తాను రంగులు సరిచేసే సెట్టింగ్. దాని పనే రంగు పట్టిన వెలుతురుని తెల్లగా సరిదిద్దడం, మనం వచ్చిందేమో ఆ రంగు కోసం. డేలైట్ మీద, 5200 నుంచి 5500 కెల్విన్ మధ్య, వదిలేస్తే చాలు. రెండోది ఎరుపు చానల్. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) అంతా సరిగ్గానే ఉన్నట్టు చూపిస్తుంది, ఎరుపు మాత్రం అప్పటికే పూర్తిగా నిండిపోయి మేఘంలో వివరం చచ్చిపోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసుకుని, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, రా ఫైల్‌లో, అంటే కెమెరా కుదించని అసలు డేటాగా, తీయాలి. నీడల్లోంచి తర్వాత లాగొచ్చు, నిండిపోయిన ఎరుపుని ఎవరూ వెనక్కి తేలేరు. తెల్లటి మంచు (స్నో) కప్పిన నేలకైతే ఇది తిరగబడుతుంది, మీటర్ తెలుపుని చూసి బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ఒకటి నుంచి రెండు స్టాప్‌లు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచాలి, సూర్యుడు ఫ్రేమ్‌లో లేనప్పుడు. ఫోన్‌తో తీసేవాళ్లు ఆకాశం మీద నొక్కి వెలుతురుని కిందికి జరిపితే సగం పని అయినట్టే, ఫోన్ తనంతట తాను నీడలన్నీ లేపి తెల్లవారుజాముని పట్టపగలు చేస్తుంది.

సూర్యుడు పెద్దగా కావాలంటే లెక్క తేలికే, ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగిస్తే సెన్సర్ మీద సూర్యుడి సైజు మిల్లీమీటర్లలో వస్తుంది. 24 ఎంఎంకి 0.2 మిల్లీమీటర్లు, చుక్క. 400కి 3.6. చుక్కని చుక్కగా వదిలేయడం ఇష్టం లేకపోతే లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 దగ్గర, సూర్యుడు కొండ అంచునో కొమ్మనో సగం దాచుకుని ఉన్నప్పుడు తీస్తే నక్షత్రంలా కిరణాలొస్తాయి. లాంగ్ లెన్స్ పెట్టి ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని నేరుగా చూడటం మాత్రం వద్దు, ఎర్రగా చల్లగా కనబడినా సరే, కంటికి ప్రమాదం. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, చూసుకోవాలి, అది కూడా ఎక్కువసేపు కాదు. ఆకాశపు నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ సూర్యుడి వైపు తిప్పితే ఏ పనీ చేయదు, సూర్యుడికి 90 డిగ్రీల పక్కనే దాని ప్రభావం, వైడ్ లెన్స్ మీద పెడితే ఆకాశంలో ఒకచోట ముదురు మచ్చ పడుతుంది.

గడ్డకట్టే చలిలో బ్యాటరీ చార్జ్ ఉండగానే పడిపోయినట్టు చూపిస్తుంది, రెండోది లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకుని మార్చుకుంటూ ఉంటే మొదటిది వేడెక్కి మళ్లీ పనిచేస్తుంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేటప్పుడు కెమెరాని గాలి చొరని కవర్‌లో మూసి తేవాలి, లేదంటే తేమంతా దాని మీదే చుక్కలు కడుతుంది. ఉక్కపోత సీజన్‌లో ఇది అటునుంచి ఇటు: రాత్రంతా ఏసీ గదిలో చల్లబడ్డ లెన్స్ బయటికి రాగానే మసకబారిపోతుంది, తుడిస్తే మళ్లీ పడుతుంది. అరగంట ముందే బ్యాగ్ మూసి ఉంచి బయట పెట్టాలి, మసక పూర్తిగా పోయేదాకా లెన్స్ మార్చకూడదు, మారిస్తే ఆ తేమ సెన్సర్ మీదికి పోతుంది.